పార్కులో కుకౌట్: శాకాహారులకు నిప్పుల మీద ఒక పూట పూర్తి భోజనం

జూన్ వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల శని, ఆదివారాల సాయంత్రాలు పార్కుల్లోనే గడుస్తాయి. పిల్లలకు సెలవులు. ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చి ఉంటారు. నాలుగైదు కుటుంబాలు కలిసి పార్కులో ఒక షెడ్డు బుక్ చేసుకుంటాయి. గ్రిల్ మీద చికెన్ కాలుతుంటుంది. వెజ్ వాళ్ల కోసం అంటూ ఒక ఫ్రోజెన్ బర్గర్ల డబ్బా, వెన్న పూసిన నాలుగు మొక్కజొన్న పొత్తులు, రెండు చిప్స్ ప్యాకెట్లు ఒక పక్కన పెడతారు.

ఒకసారి మా అత్తయ్యగారు అలాంటి చోట మూడు గంటలు కూర్చుని, చిప్సూ పుచ్చకాయ ముక్కలూ తిని, ఇంటికొచ్చాక రాత్రి పదింటికి పెరుగన్నం కలుపుకున్నారు. ఆమె ఏమీ అనలేదు కానీ నాకు మాత్రం మనసు చివుక్కుమంది. కుంపటి మీద వంకాయ కాల్చి పచ్చడి చేసిన చేతులు ఆమెవి. నిప్పుల మీద కూరగాయలు వండటం మనకు కొత్తేమీ కాదు కదా! అప్పటినుంచి ఏ కుకౌట్‌కి వెళ్లినా శాకాహారులకు కడుపు నిండే భోజనం మొత్తం గ్రిల్ మీదే తయారయ్యేలా చూస్తున్నాను. అదెలాగో పది మందికి సరిపడే లెక్కలతో చెబుతాను. ఇక్కడ రాసినవన్నీ ఒకే రోజు చేయక్కరలేదు. వంకాయ పచ్చడి, పప్పుదినుసులతో ఏదో ఒకటి, రెండు రకాల కూరగాయలు ఉంటే భోజనం అయినట్టే.

ముందుగా ఒక విషయం. మాంసాన్ని బాగా ఎక్కువ వేడి మీద కాల్చినప్పుడు హెటెరోసైక్లిక్ అమైన్లు అనే హానికర పదార్థాలు తయారవుతాయి. మాంసం కండరాల్లో ఉండే క్రియాటిన్ దానికి ఒక ముఖ్య కారణం. కూరగాయల్లో క్రియాటిన్ ఉండదు కాబట్టి ఆ బెడద దాదాపు లేనట్టే. అలాగని వెజ్ అయితే చాలు ఆరోగ్యమే అనుకోకండి. నూనె కారేలా ముంచి పెడితే ఆ నూనె నిప్పుల్లో పడి మంట లేస్తుంది. ఆ పొగలోని చెడు తిండికి పడుతుంది. బంగాళాదుంప లాంటి పిండి దుంపలు నల్లగా మాడితే అందులో ఆక్రిలమైడ్ అనే ఇంకో హానికర పదార్థం పెరుగుతుంది. కాబట్టి ఈ వంట మొత్తంలో ఒక్క మాట గుర్తుంచుకోండి. కూరగాయ నిప్పుల సెగకు కాలాలి, మంటకు కాదు. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

కొనేటప్పుడు

కూరగాయలు ఎంచుకోవడంలో పెద్ద కష్టం లేదు. రెండు పెద్ద వంకాయలు, మూడు రంగుల కాప్సికం, రెండు జుకినీలు, ఎర్ర ఉల్లిపాయలు, పెద్ద పుట్టగొడుగులు, ఆరు మొక్కజొన్న పొత్తులు, నాలుగు చిలగడదుంపలు, అంటే మన గెనుసుగడ్డలు. ఇవి చాలు.

చూసి కొనాల్సింది సీసాల్లో, డబ్బాల్లో వచ్చే వాటిని. ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లకు, చూడటానికి వచ్చిన పెద్దవాళ్లకు వండేటప్పుడు మరీ జాగ్రత్త. బార్బెక్యూ సాసుల్లో కొన్నింటిలో వూస్టర్‌షైర్ సాస్ ఉంటుంది. అది మామూలుగా ఆంకోవీ అనే చిన్న చేపలతో చేస్తారు. డబ్బాలో వచ్చే బేక్డ్ బీన్స్‌లో చాలా రకాల్లో పంది మాంసం కలుస్తుంది, రీఫ్రైడ్ బీన్స్‌లో కొన్నిట్లో పంది కొవ్వు. పిల్లలు పుల్లకు గుచ్చి కాల్చుకునే మార్ష్‌మెల్లోల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసేది. కొన్ని వెజ్ బర్గర్లలో గుడ్డు తెల్లసొన కలుపుతారు. పేరులో వెజ్ అని ఉందని నమ్మేయకుండా వెనక చిన్న అక్షరాలు చదవండి. అలా చదువుతున్నప్పుడే సోడియం, చక్కెర అంకెలు కూడా కనిపిస్తాయి. రోజు మొత్తానికి పెద్దవాళ్లకు సోడియం 2,300 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఒక టీస్పూను ఉప్పుతోనే అది పూర్తవుతుంది. బీపీ ఉన్న మామయ్యగారికి సీసా సాసు కంటే ఇంట్లో కలిపిన పెరుగు మసాలా ఎంతో మేలు.

ముందు రోజు రాత్రి

సగం పని ఇంట్లోనే అయిపోవాలి. పార్కులో కత్తి, చాపింగ్ బోర్డు పెట్టుకుని కూర్చుంటే టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు.

మొదట శనగల టిక్కీలు. నా లెక్కలో ఈ భోజనానికి వెన్నెముక ఇవే. కూరగాయలు మాత్రమే పెడితే గంటలో మళ్లీ ఆకలేసి అందరూ చిప్స్ మీద పడతారు. ఉడికించిన కాబూలీ శనగలు మూడు కప్పులు తీసుకోండి. డబ్బాలవైతే రెండు డబ్బాలు సరిపోతాయి. వాటిని జల్లెట్లో వేసి కుళాయి కింద బాగా కడిగితే ఉప్పు కొంతవరకు పోతుంది. తర్వాత గుడ్డతో తుడిచి తడి లేకుండా ఆరనివ్వండి. ఈ ఒక్కటీ అశ్రద్ధ చేస్తే టిక్కీ నిలవదు. చేత్తో బరకగా మెదపండి, మిక్సీలో మెత్తగా చేయొద్దు. అరకప్పు ఓట్స్ పొడి, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, పచ్చిమిర్చి మూడు, అల్లం తురుము, గుప్పెడు కొత్తిమీర, వేయించిన జీలకర్ర పొడి, అర టీస్పూను ఉప్పు వేసి కలపండి. పన్నెండు టిక్కీలు అవుతాయి. అర అంగుళం మందాన ఒత్తి, పళ్లెంలో పరిచి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లబడి గట్టిపడితేనే కాల్చేటప్పుడు విరగవు.

తర్వాత పనీర్. వంద గ్రాముల పనీర్‌లో ప్రోటీన్ 18 గ్రాముల వరకు ఉంటుంది, కొవ్వు కూడా 20 గ్రాములకు తగ్గదు. అందుకని నేను సగం పనీర్, సగం గట్టి టోఫూ, అంటే సోయా పాలతో చేసే పనీర్ లాంటిది, వాడతాను. టోఫూని గుడ్డలో చుట్టి, పైన ఒక బరువు పెట్టి అరగంట ఉంచితే నీళ్లు దిగిపోతాయి. అప్పుడే మసాలా లోపలికి పడుతుంది. పనీర్‌ని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. రెండూ కలిపి 800 గ్రాములనుకుంటే కప్పున్నర చిక్కటి పెరుగు, రెండు టేబుల్ స్పూన్ల వేయించిన శనగపిండి, అల్లం వెల్లుల్లి ముద్ద, టీస్పూను కారం, టీస్పూను ధనియాల పొడి, పసుపు, నలిపిన వాము, ఒక నిమ్మకాయ రసం, ముప్పావు టీస్పూను ఉప్పు, ఒక టేబుల్ స్పూను నూనె కలపండి. శనగపిండి వేస్తే పెరుగు కారిపోకుండా ముక్కకు పట్టుకుని ఉంటుంది. వాము అరుగుదలకు మంచిదని మా అమ్మ ఇలాంటి వాటిలో ఎప్పుడూ వేసేది. నాకు ఆ వాసన లేకపోతే తిన్నట్టుండదు.

గెనుసుగడ్డల్ని తొక్కతోనే ముప్పాతిక వంతు ఉడికించి ఉంచండి. అలా చేస్తే గ్రిల్ మీద పది నిమిషాల్లో అయిపోతాయి, మాడే అవకాశం తగ్గుతుంది. బంగాళాదుంపలైనా ఇంతే. ఉడికించేటప్పుడు ఆక్రిలమైడ్ తయారు కాదు. 120 డిగ్రీల సెల్సియస్ దాటిన పొడి వేడిలోనే అది పుడుతుంది. అన్నట్టు, పచ్చి బంగాళాదుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. చల్లదనానికి వాటిలో చక్కెరలు పెరిగి, కాల్చినప్పుడు ఈ బెడద ఎక్కువవుతుంది.

చింతపండు గుజ్జు ఒక చిన్న డబ్బాలో, ఆవాలు, జీలకర్ర, ఇంగువ, ఎండుమిర్చితో రెండు టీస్పూన్ల నూనెలో వేసిన తాలింపు ఇంకో డబ్బాలో సర్దుకోండి. చెక్క పుల్లలు వాడేట్టయితే అరగంట నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే అవే ముందు కాలిపోతాయి.

చోటు, చల్లదనం

చాలా అపార్టుమెంట్లలో బాల్కనీలో బొగ్గుల గ్రిల్, గ్యాస్ గ్రిల్ రెండూ నిషేధం. లీజు కాగితం చదవండి, కాంప్లెక్స్‌లో అందరికీ పెట్టిన గ్రిల్ ఉంటే అదే వాడుకోండి. వాన పడుతోందని బొగ్గుల కుంపటిని గరాజ్‌లోకి మాత్రం ఎప్పుడూ తేవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణాలు తీస్తుంది. టెక్సస్‌లో ఎండలు ముదిరి గడ్డి ఎండిపోయినప్పుడు కౌంటీలు బర్న్ బ్యాన్, అంటే ఆరుబయట నిప్పు పెట్టడం మీద నిషేధం, పెడతాయి. వెళ్లే ముందు మీ కౌంటీలో ఉందేమో, పార్కు నియమాలేమిటో చూసుకోండి.

పెరుగు, పనీర్ ఉన్న డబ్బాలు ఐస్ నింపిన కూలర్‌లోనే ఉండాలి. పాడయ్యే తిండి ఏదైనా బయట రెండు గంటలకు మించి ఉంచకూడదని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. బయట వేడి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఆ గడువు ఒక్క గంటే. డాలస్‌లో జూలై సాయంత్రం ఆరింటికి కూడా 90 దాటే ఉంటుంది. అందుకే పనీర్‌ని ఒకే పెద్ద గిన్నెలో కాకుండా రెండు మూడు చిన్న డబ్బాల్లో సర్దండి. కాల్చబోయే డబ్బా ఒక్కటే బయటికి రావాలి. మజ్జిగ, నీళ్ల కూలర్ వేరే పెట్టుకోండి. పిల్లలు నిమిషానికోసారి మూత తీస్తుంటే తిండి ఉన్న కూలర్‌లో చల్లదనం నిలవదు.

జూన్‌లో ఇక్కడ సూర్యుడు అస్తమించేది రాత్రి ఎనిమిదిన్నర తర్వాతే. ఆరున్నరకు నిప్పు రాజేస్తే సరిగ్గా ఎండ తగ్గే వేళకు భోజనం సిద్ధమవుతుంది.

నిప్పు

ఇక్కడ ఓపిక కావాలి. నేను చూసిన కుకౌట్లలో కూరగాయలు పాడయ్యేది ఎక్కువగా తొందర వల్లే. బొగ్గులు అంటుకుని మంటలు కనబడగానే పైన పెట్టేస్తారు. పైన నలుపు, లోపల పచ్చి.

లైటర్ ద్రవం పోసి వెలిగించకండి. దాని వాసన మాంసం కంటే కూరగాయలకు తొందరగా పడుతుంది. చిమ్నీ స్టార్టర్ అనే రేకు గొట్టం కొనుక్కోండి. కింద నలిపిన కాగితం, పైన బొగ్గులు వేసి వెలిగిస్తే ఇరవై నిమిషాల్లో రాజుకుంటాయి. బొగ్గుల మీద బూడిదరంగు పొర కమ్మి, మంట అణిగి, లోపల ఎర్రగా కనిపించే దాకా ఆగండి. అప్పుడు బొగ్గులన్నీ ఒక పక్కకే నెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉండాలి. ఒకవైపు గట్టి సెగ, ఇంకోవైపు మెల్లని సెగ. ఏదైనా మాడుతున్నట్టు అనిపిస్తే ఖాళీ పక్కకు జరపడమే. గ్యాస్ గ్రిల్ అయితే ఒక బర్నర్ ఆపేయండి, అంతే.

సెగ ఎంతుందో చేత్తో చూడొచ్చు. ఊచలకు నాలుగైదు అంగుళాల పైన అరచెయ్యి పెట్టి లెక్కపెట్టండి. రెండు మూడు సెకన్లకే చెయ్యి తీసేయాల్సి వస్తే చాలా వేడి, అది వంకాయకు మాత్రమే. నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలిగితే పనీర్‌కి, కాప్సికానికి, మొక్కజొన్నకి సరైన సెగ.

గ్రిల్ ఊచలు శుభ్రం చేయడానికి ఇనుప తీగల బ్రష్ వద్దు. ఆ తీగలు ఊడి ఊచలకు అతుక్కుని, తిండితో పాటు గొంతులోకి వెళ్లి ఆపరేషన్ దాకా వెళ్లిన సంఘటనలు ఉన్నాయి. నలిపిన ఫాయిల్ ఉండతోనో చెక్క గరిటెతోనో గీకి, తర్వాత సగానికి కోసిన ఉల్లిపాయను ఫోర్క్‌కి గుచ్చి వేడి ఊచల మీద రుద్దండి.

మాంసం కాల్చే స్నేహితులతో ఒకే గ్రిల్ పంచుకుంటుంటే మొహమాటం లేకుండా ముందు రోజే ఫోన్‌లో చెప్పేయండి: “ముందు మా వెజ్ ఒక అరగంటో ముప్పావు గంటో కాలుస్తాం, తర్వాత గ్రిల్ మీకే వదిలేస్తాం.” ఎవరూ కాదనరు. పట్టకారు, పళ్లేలు విడిగా ఉంచి, మీ పట్టకారుకి రంగు టేపు చుట్టండి. హడావుడిలో ఎవరి చేతిలో ఏది ఉందో తెలియదు. అయినా కుదరకపోతే ఊచల మీద రెండు మడతల ఫాయిల్ పరవండి, లేదా ఇంటి నుంచి ఇనుప దోసె పెనం తెచ్చుకోండి. గ్రిల్ మీద దోసె పెనానికి మించిన సాధనం నాకింతవరకు కనబడలేదు.

కాల్చే వరుస

మొదట వంకాయ. అన్నిటికంటే ఎక్కువసేపు పట్టేది అదే. తొడిమ తీయకుండా చుట్టూ ఏడెనిమిది చోట్ల కత్తి మొనతో గుచ్చండి. గుచ్చకపోతే లోపలి ఆవిరికి పేలుతుంది. ఆ గాట్లలో రెండు మూడు వెల్లుల్లి రెబ్బలు దోపి, నేరుగా నిప్పుల మీది ఊచలపై పెట్టండి. ఇక్కడి లావు వంకాయకు ముప్పై నుంచి నలభై నిమిషాలు పడుతుంది, సన్నగా పొడుగ్గా ఉండేవైతే పదిహేను చాలు. ఏడెనిమిది నిమిషాలకోసారి తిప్పుతూ ఉండండి. తొక్క నల్లగా మాడినా దిగులు లేదు, దాన్ని ఎలాగూ పారేస్తాం. కాయ మొత్తం కూలిపోయి మెత్తబడితే అయినట్టు. పక్కనే నాలుగు టమాటాలు, గాటు పెట్టిన పచ్చిమిర్చి ఆరు కాల్చండి.

కాలిన వంకాయను గిన్నెలో వేసి పది నిమిషాలు మూత పెడితే తొక్క దానంతటదే వదులుతుంది. కుళాయి కింద కడగొద్దు, కాలిన వాసనే దాని ప్రాణం. చేతికి నీళ్లు తడి చేసుకుంటూ ఒలవండి. నల్ల పెచ్చులు లేకుండా చూసుకుని, పచ్చిమిర్చి, టమాటా, చింతపండు గుజ్జు వేసి మెదపండి. ఉప్పు ఈ దశలోనే, రుచి చూసి వేయాలి. సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, ఇంటి నుంచి తెచ్చిన తాలింపు కలిపితే పచ్చడి సిద్ధం. పది మందికి రెండు టీస్పూన్ల నూనె. ఇంత తక్కువ నూనెతో ఇంత రుచిగా ఉండే వంటలు మన దగ్గర ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

వంకాయ కాలుతుండగా మిగతావి మొదలుపెట్టొచ్చు. కాప్సికం, జుకినీ, ఉల్లిపాయ, పుట్టగొడుగుల్ని అర అంగుళానికి తగ్గకుండా మందంగా కోయండి. పల్చటి ముక్క ఎండిపోతుంది, ఊచల సందుల్లోంచి జారిపోతుంది. కిలో ముక్కలకు ఒక టేబుల్ స్పూను నూనె చాలు. పెద్ద గిన్నెలో వేసి చేత్తో బాగా కలిపితే అన్ని ముక్కలకూ పల్చగా పడుతుంది. ఒక టేబుల్ స్పూను నూనె అంటే 120 కేలరీలు. సీసాతో పైనుంచి పోస్తే ఎంత పడిందో ఎవరికీ తెలియదు. ఎక్కువ వేడికి తట్టుకునే శుద్ధి చేసిన వేరుశనగ నూనె గానీ అవకాడో నూనె గానీ బాగుంటాయి. పుట్టగొడుగులకు ముందే ఉప్పు వేస్తే నీరు వదులుతాయి, దించాక చల్లండి.

కలర్‌ఫుల్‌గా ఉంటుందని పనీర్, ఉల్లిపాయ, టమాటా ఒకే పుల్లకు గుచ్చడం చూస్తుంటాం. ఫొటోకి బాగుంటుంది, తినడానికి కాదు. ఉల్లిపాయ మగ్గేలోపు పనీర్ రబ్బరైపోతుంది. పనీర్, టోఫూ ఒక పుల్లకు, కూరగాయలు రకానికొక పుల్లకు గుచ్చండి. మధ్య సెగ మీద పనీర్‌కి ఎనిమిది నుంచి పది నిమిషాలు, మూడుసార్లు తిప్పితే చాలు. అంచుల్లో అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడగానే దించేయండి. ఊచలకు అంటుకుంటే బలవంతంగా లాగొద్దు, ఇంకో నిమిషం ఆగితే అదే వదులుతుంది.

టిక్కీలను దోసె పెనం మీద రెండు వైపులా నాలుగైదు నిమిషాల చొప్పున కాల్చండి. చివర్లో ఒక నిమిషం ఊచల మీద పెడితే పొగ వాసన పడుతుంది.

మొక్కజొన్నకు పెద్దగా చెప్పేదేమీ లేదు. పొట్టుతోనే పావుగంట నీళ్లలో నానబెట్టి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కాలిస్తే గింజ ఆవిరికి ఉడికినట్టు రసంగా ఉంటుంది. మన రోడ్ల పక్క మక్క కంకి రుచి కావాలంటే పొట్టు తీసి, నిప్పుల దగ్గర తిప్పుతూ పది నిమిషాలు కాల్చండి. వెన్న ఎందుకు? కారం, చిటికెడు ఉప్పు అద్దిన నిమ్మచెక్కతో రుద్దితే చాలు. ఇక్కడి స్వీట్ కార్న్ మనూరి కంకి కంటే చాలా తీపి, షుగర్ ఉన్నవాళ్లకు సగం ముక్క పెట్టండి.

గెనుసుగడ్డల్ని నిలువుగా చీల్చి, కోసిన వైపు లేత బంగారు రంగు వచ్చేదాకా మాత్రమే కాల్చండి. ముదురు గోధుమ దాకా వెళ్లొద్దు. ఎక్కడైనా నల్లబడితే అక్కడ కోసి తీసేయండి.

అన్నీ అయ్యాక మిగిలిన సెగ మీద ఇంటి నుంచి తెచ్చిన పుల్కాలు అర నిమిషం వేడి చేసి పెట్టండి. టిక్కీ మీద పచ్చడి రాసి పుల్కాలో చుట్టిస్తే పిల్లలు బర్గర్ ఊసెత్తరు. తీపికి పీచ్ పండ్లు. మే నుంచి ఆగస్టు దాకా టెక్సస్ పీచ్‌ల కాలం, ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు తోటల పండ్లు దొరికితే తప్పకుండా కొనండి. సగానికి కోసి, గింజ తీసి, కోసిన వైపు కింద పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచితే పండులోని తీపే పాకంలా పైకి తేలుతుంది. చక్కెర అక్కర్లేదు. పైన చెంచాడు చల్లటి పెరుగు.

నేను ఇలా మొదటిసారి చేసినప్పుడు అత్తయ్యగారు వంకాయ ఒలిచే పని తన చేతుల్లోకి తీసుకున్నారు. చికెన్ తినేవాళ్లు కూడా పచ్చడి కోసం వరసలో నిలబడ్డారు. అందుకే ఇప్పుడు రెండు కాదు, నాలుగు వంకాయలు పట్టుకెళ్తాను. పది మందిలో సగం మంది మాంసాహారులున్నా సరే, మీరూ అదే లెక్క వేసుకోండి.

వెళ్లే ముందు బొగ్గుల మీద నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోయండి. పైకి చల్లారినట్టున్నా లోపల గంటల తరబడి నిప్పు ఉంటుంది. పార్కుల్లో వేడి బొగ్గులకు వేరే డబ్బా ఉంటే అందులోనే వేయాలి, మామూలు చెత్త డబ్బాలో, చెట్ల మొదట్లో వద్దు. మిగిలిన కాల్చిన కూరగాయలు వెంటనే కూలర్‌లోకి వెళ్తే మర్నాడు పనికొస్తాయి. కాప్సికం, టమాటా రోట్లో వేసి, నాలుగు వేయించిన పల్లీలు కలిపి నూరితే సోమవారం ఇడ్లీలోకి పచ్చడి.